వార్తల్లో పదం: ధర కోత

అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు తాకుతాయి. ఆ రోజులు ముందే తెలుసు కాబట్టి భక్తులు చీకటితోనే క్యూ కడతారు. గేమ్ కన్సోల్ ధర ఎప్పుడు దిగుతుందా అని కాచుకున్న కుర్రాళ్లకు అలాంటి పంచాంగం లేదు.

కంపెనీ తన వస్తువు అధికారిక ధరను శాశ్వతంగా తగ్గించడమే ‘ధర కోత’. దసరాకో సంక్రాంతికో ఇచ్చే ఆఫర్ దీని కిందకు రాదు. పండగ వెళ్తే మళ్లీ పాత ధరే.

ఒకప్పుడు లెక్క తేలిక. కన్సోల్‌ను తక్కువ లాభానికి, ఒక్కోసారి నష్టానికీ అమ్మి, ఆటల మీద రాబట్టుకునేవారు. చిప్‌ల తయారీ చౌకయ్యేకొద్దీ ధర దిగేది. 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 2, 2002లో 199కి దిగింది.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో రూ.49,990కి వచ్చింది, 2022 నవంబరులో రూ.54,990 అయింది. అమెరికాలోనూ 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. కొత్త తరం చిప్‌లు మునుపటిలా చౌకబడటం లేదు. పైగా దిగుమతి సుంకాలు.

పన్ను మాత్రం ఒకసారి తగ్గింది. 2019 జనవరి 1 నుంచి కన్సోళ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అయినా రూ.49,990లో జీఎస్టీ వాటాయే సుమారు రూ.7,626.

కోత కోసం ఏళ్లు ఆగేకన్నా, కొనాలనుకుంటే పండగ ఆఫర్‌ను పట్టుకోవడమే మేలు.