పరిక్రమల రాత్రికేడ పండాలె?

నర్మద పరిక్రమ అంటే నదిని కుడిచేతి దిక్కు ఉంచుకొని చుట్టూ నడుసుడు. నది పొడవే 1,312 కిలోమీటర్లు, రెండొడ్లూ తిరగాలె. నడుమల దాటొద్దు. సముద్రంల కలిసేకాడ మాత్రం పడవ ఎక్కుతరు.

నేను ఓంకారేశ్వరం నుంచి బడ్వానీ దాకనే నడిసిన. తమ్మీ, ఈడ ముందుగాల్ల రూము బుక్ చేసుడు నడువది. పొద్దుగూకకముందే ఊరు చేరి ఆశ్రమమో, ధర్మశాలో, గుడి అరుగో అడగాలె. ఏదీ లేకుంటే ఓ ఇంటి ముందట నిలవడి 'నర్మదే హర్' అనాలె. కొన్నికాడ బువ్వ పెడ్తరు. కొన్నికాడ 'సదావర్త్' అని పిండి, పప్పు ఇస్తరు, మనమే వండుకోవాలె. అందుకే గిన్నె, దుప్పటి, టార్చి మర్వొద్దు.

బడ్వానీ దగ్గర ఒక ముసలమ్మ నాకు చాప పరిచింది. "మా పాతిల్లు నీళ్ల కింద ఉంది బిడ్డా" అన్నది. సర్దార్ సరోవర్ డ్యాముల ఒడ్డు ఊర్లు శానా మునిగినయ్. వాటితోని పాత బాటలు, గుళ్లు, అరుగులు పోయినయ్. జనం పునరావాస కాలనీలకు పోయిండ్రు.

పాత పుస్తకం సూసి బస లెక్కగట్టకుండ్రి, వెనుకటి ఊర్లె ముందటి ఊరి సంగతి అడుగుండ్రి. జాగ ఇచ్చినోళ్లను "మీ పాత ఊరేది?" అని గూడ అడుగుండ్రి. అడిగేటోళ్లు తక్కువున్నరు.