నిజాంసాగర్ కింద భూమి వెతుక్కుంటూ

1930లలో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఇందూరు (నిజామాబాద్) వైపు భూమి చూడబోయే రైతు బెజవాడలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేవాడు. అక్కడ మన్మాడ్ వైపు పోయే మీటరుగేజీ బండి పట్టుకోవాలి. మొలలో దాచుకున్న బ్రిటిష్ రూపాయల లెక్క అక్కడే మారిపోయేది. నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అని సొంత నాణెం ఉండేది. 6 బ్రిటిష్ రూపాయలిస్తే సుమారు 7 హాలీ రూపాయలు వచ్చేవి. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో, సంవత్సరమేమో ఫసలీలో. ఊళ్లో వినబడేది తెలుగే, రాజ్యం మాత్రం పరాయిది.

అతన్ని అంత దూరం రప్పించింది మంజీరా నది నీళ్లు. ఆ నది మీద ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ జలాశయం 1931 నాటికి పూర్తయింది. సుమారు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు దాని లక్ష్యం. అప్పటిదాకా జొన్న పండిన చెలకలకు ఒక్కసారిగా కాలువ అందింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కాలువ వచ్చినంత మాత్రాన చెలక వరిమడి కాదు. నేల చదును చేయాలి, గట్లు పోయాలి, పిల్లకాలువలు తవ్వాలి, ఎడ్లు కావాలి, పంట చేతికొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ తిండి కావాలి. చిన్నరైతుకు అంత పెట్టుబడి ఎక్కడిది? పెద్ద పట్టాదారుకేమో ఉన్నదంతా సాగు చేయించే తీరిక లేదు. కాబట్టి భూమి చవకగా దొరికింది. డెల్టాలో పరిస్థితి వేరు. కృష్ణ మీద ఆనకట్ట 1850లలోనే పడింది, భూమి ధర పెరిగింది, అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చిన్నవయ్యాయి. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవి. వచ్చినవాళ్లు వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ ప్రాంతాల్లో పొలాల దగ్గరే పాకలు వేసుకున్నారు. వాటినే జనం క్యాంపులన్నారు. పాకల చోట డాబాలు లేచినా ఆ పేరు పోలేదు.

1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చాక లెక్క ఇంకా మారింది. చెరుకు పంటకు దాదాపు ఏడాది పడుతుంది, కానీ నరికాక ఆగే పంట కాదు. గడ ఎండేకొద్దీ బరువూ తగ్గుతుంది, చక్కెర శాతమూ పడిపోతుంది. అందుకే ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇచ్చాకే కొడవలి పట్టాలి, వెంటనే బండి కట్టాలి. ఫ్యాక్టరీకి దగ్గరలో కాలువ కింద ఉన్న పొలానికి విలువ పెరిగింది అందుకే.

ఇలా భూమి కోసం తిరిగిన వాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారు. వాళ్లలో చూసింది పుస్తకంగా రాసినవాడొకడు ఇంగ్లండ్ రైతు మోరిస్ బర్క్‌బెక్. సర్రేలో పెద్ద కమతమే కౌలుకు చేసేవాడు. పన్నులు కట్టినా ఓటు లేదన్న కోపంతో 1817లో అమెరికా చేరి, వర్జీనియా నుంచి ఇల్లినాయ్ దాకా వెళ్లాడు. దారి పొడవునా బండ్లెక్కి పడమరకు తరలిపోతున్న కుటుంబాలే కనిపించాయి. వర్జీనియాలో బానిసత్వాన్ని చూసి అసహ్యించుకున్నాడు. ఇల్లినాయ్‌లో ప్రభుత్వ భూమి ఎకరం 2 డాలర్లు, ముందు పావు వంతు కడితే చాలు. అక్కడే స్థిరపడి, ఇంగ్లండ్ వాళ్లను రమ్మని పిలిచాడు. ఆ రాష్ట్రంలోకి బానిసత్వాన్ని తేవాలని కొందరు చూసినప్పుడు దానికి వ్యతిరేకంగా రాశాడు కూడా. 1824 ఓటింగులో ఆ ప్రయత్నం ఓడిపోయింది. అంత న్యాయబుద్ధి ఉన్నవాడికీ, ఆదివాసీ తెగల నుంచి ఒప్పందాల పేరుతో ప్రభుత్వం లాక్కున్న నేల అమ్మకపు సరుకుగానే కనిపించింది.

మన కథలో భూమికి పట్టాదారులున్నారు, ధర చెల్లించారు. ఆ తేడా చిన్నది కాదు. అయితే కొన్నవాడి చూపు అక్కడా ఇక్కడా ఒకటే. ‘స్థానికులకు వ్యవసాయం తెలియదు, మేమొచ్చి నేర్పాం’ అనే మాట క్యాంపుల్లో వినిపిస్తుంటుంది. కాకతీయుల నాటి నుంచి చెరువు కింద వరి పండించిన నేల ఇది. ఇక్కడివాళ్లకు తక్కువైంది తెలివి కాదు, పెట్టుబడి. పైగా దొరలూ వెట్టీ ఉన్న వ్యవస్థలో పేదరైతు చేతిలో ఏం మిగులుతుంది? కొత్తవాళ్ల కష్టాన్ని తీసిపారేయనక్కర్లేదు. రాళ్లూ తుప్పలూ ఏరి మడులు కట్టింది వాళ్లే. వాళ్ల పొలాల్లో నాట్లేసి, కోతలు కోసిన చేతుల్లో ఇక్కడివీ ఉన్నాయి.

చవకగా దొరికిన భూమికి అందిన ఆ నీళ్లూ శాశ్వతం కాలేదు. మొదట సుమారు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్ సామర్థ్యాన్ని పూడిక తినేసింది. కట్ట ఎత్తు పెంచాక కూడా 17.8 టీఎంసీలే. ఎగువన అదే మంజీరా మీద సింగూరు జలాశయం వచ్చింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడింది.

బర్క్‌బెక్ కొన్నవాడి వైపు కథ రాశాడు. క్యాంపుల చరిత్ర కూడా ఎక్కువగా కొన్నవాళ్ల ఇళ్లలోనే వినబడుతుంది. అమ్మినవాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. తాత ఎందుకు అమ్మాడో, ఆ డబ్బు ఏమైందో పెద్దవాళ్లుండగానే అడిగి రాసిపెట్టండి.