కఱ్ఱ చెప్పు చరిత్ర

బిలియర్డ్సు ఆటలో బల్లపైనున్న బంతులను కొట్టుటకు వాడు పొడవైన నునుపు కఱ్ఱను క్యూ అందురు. ఆడి విడిచిన కఱ్ఱ పలువురికి వంటచెఱకుతో సమానము. కాని ఇంగ్లండు మున్నగు దేశములలో కొందఱు పాత క్యూలను ప్రీతితో సేకరించి, ఏది ఏనాటిదో శోధించుచుందురు. వ్రాతపత్రము లేని వస్తువునకు వయస్సు నిర్ణయించుట ఎట్లు? ఆ కఱ్ఱయే సాక్ష్యము చెప్పును.

తొలుత ఈ ఆటకు క్యూ లేదు. చివర వెడల్పైన కొయ్యతల గల మేసు అను సాధనముతో బంతిని నెట్టెడివారు. బంతి బల్ల అంచునకు ఆనియున్నపుడు ఆ తల అడ్డము వచ్చెడిది. అపుడు మేసును త్రిప్పి, సన్నని పిడికొనతో కొట్టెడివారు. ఫ్రెంచి భాషలో క్యూ అనగా తోక. మేసు తోకయే క్రమముగా వేఱొక సాధనమయ్యెను. 19వ శతాబ్ది తొలిభాగమున ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రాన్స్వా మింగో కఱ్ఱకొనకు తోలు అమర్చి ఆడి కీర్తి గాంచెను. 1827లో ఆటమెళకువలను గూర్చి గ్రంథమును ప్రకటించెను. తోలుకొన బంతిపై జాఱదు. కావున బంతిని కోరిన వైపునకు గిరగిర త్రిప్పి కొట్టుట సాధ్యమయ్యెను.

పాత క్యూను పరీక్షించువారు మొదట కలపను చూతురు. ఇంగ్లండు క్యూలలో సన్నని భాగము తఱచుగా యాష్ లేక మేపుల్ కలపతోను, చేతితో పట్టుకొను లావు భాగము ఎబొనీ వంటి నల్లని బరువు కలపతోను చేయబడును. ఈ రెండును కలియుచోట నాలుగు మొనలు కానవచ్చును. చేతితో అతికిన క్యూలో ఆ మొనలు గుండ్రముగా నుండును. యంత్రముతో కోసి అతికినదానిలో వాడిగా నుండును.

పిమ్మట, లావు భాగమున పొదిగిన చిన్న బిళ్ళను చూతురు. దానిపై తయారుచేసిన సంస్థ పేరో, ప్రసిద్ధ ఆటగాని పేరో ఉండును. 1932 జనవరిలో ఆస్ట్రేలియా ఆటగాడు వాల్టర్ లిండ్రమ్ లండనులో ఒక్కమాఱైనను తప్పక, వరుసగా 4,137 పాయింట్లు సాధించెను. ఆతని పేరును, ఆ అంకెయు గల బిళ్ళలతో క్యూలు వెలువడెను. అట్టి బిళ్ళ గల క్యూ 1932కు పూర్వపుది కాజాలదు. అట్లని ఆ యేటనే చేయబడినదనియు చెప్పరాదు; అవి తరువాత పెక్కేండ్లు అమ్ముడుపోయినవి. ఒక క్యూ బిళ్ళను ఊడదీసి వేఱొకదానికి అతికించువారును కలరు. కావున బిళ్ళ చెప్పుమాటకు కలపయు, అతుకును సమ్మతింపవలెను.

పాతదానిని క్రొత్తదిగా చేయవలెనని కొందఱు కఱ్ఱను గీకి, బిళ్ళను అరగదీసి, వార్నిషు పూయుదురు. అందువలన మెఱుగు వచ్చును గాని సాక్ష్యము నశించును. ఒకసారి చెఱిగిన గుర్తును తిరిగి తెచ్చుట ఎవ్వరి తరమును గాదు. కనుకనే అనుభవజ్ఞులు దుమ్మును మెత్తని గుడ్డతో తుడిచి, తక్కినదానిని ఉన్నదున్నట్లే కాపాడుదురు.