చప్పట్లు బంతిని బుట్టలో వేయగలవా?

అమెరికా దేశమున ఉన్నత పాఠశాలల బాస్కెట్‌బాల్ పోటీలు నవంబరులో మొదలై చలికాలమంతయు సాగును. ఫిబ్రవరి నెల వచ్చునప్పటికి ఒక్కొక్క పాఠశాల జట్టునకు సొంత ఆటశాలలో ఆడవలసిన ఆటలు ఒకటో రెండో మిగిలియుండును. వానిలో చివరి దానికి ఒక ప్రత్యేకత కలదు. ఆ యేడు పన్నెండవ తరగతి ముగించి పాఠశాలను విడిచిపోవు ఆటగాండ్రను, ఆట ఆరంభమునకు ముందు పేరుపేరున పిలుతురు. తల్లిదండ్రులు పూలగుత్తులతో వచ్చి బిడ్డల ప్రక్కన నిలుచుందురు. ఊరివారు మెట్లబల్లలమీద క్రిక్కిరిసి కూర్చుని చప్పట్లు చరతురు. దీనిని వారు ‘సీనియర్ నైట్’ అందురు. ఆ పిల్లలలో చాలమందికి కళాశాల జట్టులో చోటు దొరకదు. కాబట్టి సొంత ఊరివారి యెదుట వారాడు కడపటి ఆట అదియే అగును.

మన పాఠశాలలలో ఈ పద్ధతి లేదు. మనవి జోను పోటీలు, జిల్లా పోటీలు. జట్లన్నియు ఒక ఊరికి చేరి, రెండు మూడు దినములలో ఆడి, గెలిచినవారు ముందునకు పోవుదురు. అక్కడనో, ప్రతి జట్టు సగము ఆటలు తన ఆటశాలలోను, సగము ఎదుటివారి ఆటశాలలోను ఆడును. రెండు చోట్లను బుట్ట నేలకు 10 అడుగుల యెత్తుననే ఉండును. రింగు వ్యాసము 18 అంగుళములే. బంతి ఒకటే, నియమములు ఒకటే. ఐనను సొంత గడ్డమీద ఆడువారే ఎక్కువసార్లు గెలుచుచున్నారు. ఇది కేవలము అభిమానుల నమ్మకము కాదు. 1977లో ష్వార్ట్జ్, బార్‌స్కీ అను అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు పలు ఆటల ఫలితములను లెక్కించి చూచిరి. బేస్‌బాల్‌లో సొంత జట్టు నూటికి 53 ఆటలు మాత్రమే గెలువగా, మూసిన కట్టడములలో ఆడు ఐస్ హాకీలో 64 గెలిచినది. అమెరికా వృత్తి క్రీడాకారుల బాస్కెట్‌బాల్ లీగులో ఈ సంఖ్య చిరకాలము 60కి పైబడియుండి, ఇటీవలి సంవత్సరములలో 55 ప్రాంతమునకు దిగినది. ప్రేక్షకులు ఆటగాండ్రకు దగ్గరగా, ఒకే కప్పు క్రింద కూర్చున్నచోట ఈ అనుకూలత ఎక్కువగా ఉన్నదని ఆ శాస్త్రజ్ఞులు గమనించిరి.

అట్లయిన చప్పట్లే బంతిని బుట్టలో వేయుచున్నవా? ముందుగా బంతి సంగతి చూతము.

ఫ్రీత్రో మన పరిశీలనకు అనువైనది. ప్రత్యర్థి ఫౌలు చేసినప్పుడు ఆటగాడు గీత వెనుక నిలిచి, ఎవరి అడ్డును లేక బంతి విసరును. ఆ గీత నుండి రింగు మధ్యభాగమునకు అడ్డుదూరము సుమారు 4.19 మీటర్లు. ఆటగాని చేతినుండి బంతి 2.1 మీటర్ల యెత్తున, క్షితిజ సమాంతరముతో 52 డిగ్రీల కోణముతో వెడలినదనుకొందము. 3.05 మీటర్ల యెత్తుననున్న రింగు నడుమ పడవలెనన్న దాని వేగము సెకనుకు సుమారు 7.2 మీటర్లు ఉండవలెను. గాలి నిరోధమును విడిచి ప్రక్షేపక సూత్రముతో లెక్కించినచో పదవ తరగతి దాటిన విద్యార్థి ఎవరైనను ఈ సంఖ్యను రాబట్టవచ్చును. బంతి గాలిలో ఒక సెకనుకు ఇంచుక తక్కువ కాలముండి, సుమారు 40 డిగ్రీల కోణముతో రింగులోనికి దిగును.

ఇచటనే చిక్కున్నది. నిలువుగా క్రిందికి దిగు బంతికి రింగు వృత్తముగా 45.7 సెంటీమీటర్ల వెడల్పుతో కనబడును. ఏటవాలుగా వచ్చు బంతికి అది నొక్కిన వృత్తము, అనగా దీర్ఘవృత్తము. 40 డిగ్రీల వాలున దాని ఇరుకు వెడల్పు 29 సెంటీమీటర్లు మాత్రమే. బంతి వ్యాసము 24. మిగిలినది 5 సెంటీమీటర్ల సందు! వాలు 32 డిగ్రీలకంటె తగ్గినచో ఆ సందు కూడ ఉండదు. రింగును తాకకుండ బంతి లోనికి దిగుట అసాధ్యము. చేతివేగము నూటికొక వంతు హెచ్చినచో ఏమగునని లెక్కించి చూచితిని. బంతి రింగు మధ్యభాగమును దాటి 10 సెంటీమీటర్లు అవతల పడుచున్నది. అనగా వెనుక అంచుకు కొట్టుకొనును. తరువాత లోపల పడుటయో వెలుపల పడుటయో అదృష్టాధీనము.

ఇంత సున్నితమైన పని, పది దినములనుండి తల్లి కుట్టి పెట్టిన కొత్త దుస్తులతో పెండ్లికొడుకువలె నిలిచి, ఐదారువందల జతల కండ్లు తనమీదనే ఉండగా చేయవలసివచ్చినచో చేయి వణకదా? లేక, ఆ చప్పట్లు చేతికి బలమిచ్చునా? రెండును సాధ్యమనియే తోచును. కాని అంకెలు చెప్పునది వేరు. మాస్కోవిట్జ్, వర్త్‌హైమ్ అను వారు 2011లో ప్రకటించిన పుస్తకములో అమెరికా వృత్తి లీగు ఆటలను రెండు దశాబ్దములవి పరిశీలించిరి. సొంత గడ్డమీద ఫ్రీత్రోలు నూటికి సుమారు 76 పడినవి. పరాయి గడ్డమీద, ఎదుట కూర్చున్నవారు కేకలు వేసి, చేతులూపి, కలవరపెట్టుచుండగను, పడినవి ఆ 76 చొప్పుననే! ఏండ్ల తరబడి సాధన చేసిన చేతిని చప్పట్లును కదల్చలేదు, కేకలును కదల్చలేదు.

మరి సొంత జట్టు ఎక్కువగా గెలుచుట ఎట్లు? ప్రయాణపు బడలిక లేకపోవుట, తన యింట తాను నిద్రించుట, ఆటశాల వెలుతురు కండ్లకు అలవాటై యుండుట, ఇవి కొంత కారణములే. 2003లో ఇంగ్లండున జరిగిన ఒక పరిశోధనలో, సొంత మైదానమున ఆడుటకు ముందు ఫుట్‌బాల్ ఆటగాండ్ర ఉమ్మిలో టెస్టోస్టిరోన్ అను హార్మోను హెచ్చుగా కనబడినది. తన చోటును తాను కాచుకొను జంతువు స్వభావము మనలో ఇంకను మిగిలియున్నదేమో. కాని ఆటలో చప్పట్లు విను చెవులు మరికొన్ని కలవు. అవి ఈల పట్టుకొన్న రిఫరీ చెవులు.

2002లో నెవిల్ అను ఇంగ్లండు పరిశోధకుడు, అతని మిత్రులు ఒక చక్కని ప్రయోగము చేసిరి. శిక్షణ పొందిన 40 మంది రిఫరీలకు ఒక ఫుట్‌బాల్ ఆట దృశ్యములను చూపి, ఏది ఫౌలో నిర్ణయింపుమనిరి. కొందరికి ప్రేక్షకుల రొదతో చూపిరి. మిగిలినవారికి రొద లేకుండ చూపిరి. దృశ్యములు అవియే. ఐనను రొద విన్నవారు సొంత జట్టుమీద వేసిన ఫౌళ్లు, వినని వారు వేసిన వానికంటె నూటికి 15కి పైగా తగ్గినవి. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. వారు అతిథి జట్టుమీద లేని ఫౌళ్లు మోపలేదు. సొంత జట్టు తప్పు చూచినప్పుడు మాత్రము సందేహించి ఈల ఊదక మానిరి. ఇది పక్షపాతమనుట కంటె, గదినిండ ఉన్నవారు కాదనునప్పుడు తన కంటినే తాను నమ్మలేకపోవుట అనుట న్యాయము. ఇటువంటి స్థితి తరగతిలో ఉపాధ్యాయునకును అప్పుడప్పుడు కలుగుచుండును.

ప్రేక్షకుల ప్రభావమును పరీక్షింపవలెనన్న, వారిని పూర్తిగా తొలగించి చూడవలెను. అట్టి ప్రయోగమును ఎవరు చేయనిత్తురు? కాని రెండుసార్లు వ్యాధులు ఆ పని చేసిపెట్టినవి. 1989లో న్యూయార్కు రాష్ట్రమునందలి సియెనా కళాశాలలో తట్టు వ్యాపించినది. ఆరోగ్యాధికారులు ప్రేక్షకులను నిషేధింపగా ఆ జట్టు అనేక ఆటలు ఖాళీ బల్లల నడుమ ఆడినది. బంతి నేలను తాకు చప్పుడును, బూట్ల కీచుమను శబ్దమును తప్ప వేరు ధ్వని లేదు. చివరకు ఆ ప్రాంతపు కళాశాలల పోటీ కూడ హార్ట్‌ఫర్డ్ నగరమున ప్రేక్షకులు లేకుండనే జరిగినది. దానిని సియెనా గెలుచుకొన్నది. అంతటితో ఆగక జాతీయ పోటీలో బలమైన స్టాన్‌ఫర్డ్ జట్టును 80–78తో ఓడించినది. సియెనా, హార్ట్‌ఫర్డ్ జట్లు ఆ కాలమున ఆడిన తీరును ఇద్దరు పరిశోధకులు తరువాత లెక్కించి, ప్రేక్షకులు లేనప్పుడే వారు మెరుగుగా ఆడిరని 1993లో ప్రకటించిరి. లెక్కకు దొరికిన ఆటలు కొద్దివి కనుక ఈ ఫలితముపై ఎక్కువ భారము మోపరాదు.

రెండవసారి 2020లో. కోవిడ్ వలన ఐరోపా ఫుట్‌బాల్ పోటీలు ఆగి, మే నెలలో జర్మనీతో మొదలై ఖాళీ మైదానములలో తిరిగి ఆరంభమైనవి. ఆ ఆటలను పరిశీలించిన పలువురు ఒక విషయమున ఏకీభవించిరి: రిఫరీలు అతిథి ఆటగాండ్రకు చూపు హెచ్చరిక కార్డులు తగ్గినవి, సొంత గడ్డ బలమును చాలచోట్ల తగ్గినది. ఇంగ్లండు ప్రయోగశాలలో రొద చేసి కనుగొన్నదానిని ఐరోపా మైదానములు నిశ్శబ్దముతో బలపరచినవి.

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా ఆరితేరినవారి సంగతి. సీనియర్ నైటున గీత వద్ద నిలుచు పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఆరితేరినవాడు కాడు. అతని విషయమున 1965లో జాయంక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సిద్ధాంతము ఉపకరించును. ఇతరులు చూచుచున్నప్పుడు శరీరము ఉత్తేజితమగును. అప్పుడు మనకు బాగుగా అలవడిన చేష్టయే ముందు వెలువడును. సాధన చేసినవానికి అలవడినది సరియైన చేష్ట, కాబట్టి అతడు రాణించును. సాధన లేనివానికి అలవడినది తప్పు చేష్ట, కాబట్టి అతడు తడబడును. దీనిని నిరూపించుటకు జాయంక్ బృందము 1969లో బొద్దింకలను పరుగెత్తించినది! గాజు గోడల వెనుక ఇతర బొద్దింకలు ప్రేక్షకులుగా ఉన్నప్పుడు, తిన్నని దారిలో బొద్దింక వేగముగా పరుగిడినది. మలుపుల దారిలో మాత్రము ఆలస్యము చేసినది. బొద్దింకకు సిగ్గు, కీర్తికాంక్ష ఉండవు గదా! 1982లో మనుష్యుల విషయమునను ఇట్లే తేలినది. ‘పూల్’ అను బల్లయాట ఆడువారి ప్రక్కన నలుగురు వచ్చి నిలువగానే, మంచి ఆటగాండ్ర గురి నూటికి 71 నుండి 80కి పెరిగినది. ఆట అంతగా రానివారి గురి 36 నుండి 25కు పడిపోయినది.

సీనియర్ నైటున ఏడాదియంతయు బల్లమీదనే కూర్చున్న పిల్లలను కూడ, సెలవుపుచ్చుకొను గౌరవార్థము, కోచ్ ఆట ఆరంభమున దింపుట పలుచోట్ల ఆచారము. మనసున్న ఆచారమే. కాని జాయంక్ లెక్క ప్రకారము అది క్లిష్టమైన పరీక్ష: తక్కువ సాధన, అందరికంటె ఎక్కువ ప్రేక్షకులు. ఆ పిల్లవాని మొదటి ఫ్రీత్రో తప్పినచో అతని పిరికితనమని ఎవరును తలపరాదు.

నిర్ణాయకమైన చివరి ఆటలలో సొంత జట్టే కలతచెంది ఓడునని 1984లో బామైస్టర్, స్టైన్‌హిల్బర్ అను వారు ప్రకటించిరి. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫలితములు వారికాధారము. ఆ మాట ఎంతో ప్రచారము పొందినది. 1995లో ష్లెంకర్ బృందము ఎక్కువ సంవత్సరముల ఫలితములను చేర్చి తిరిగి లెక్కింపగా ఆ కలత కనుమరుగైనది. ఆకర్షకమైన ఫలితమొకటి కనబడినప్పుడు ఎన్ని ఆటలనుండి వచ్చినదని అడుగుట మంచిది.

ఈ విషయమును మన పాఠశాలలలోనే పరీక్షింపవచ్చును. బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్నచోట పదిమంది విద్యార్థులను ఎన్నుకొని, ఒక్కొక్కని చేత 20 ఫ్రీత్రోలు ఒంటరిగాను, 20 తరగతి యెదుటను వేయింపవలెను. ఐదుగురు ముందు ఒంటరిగా, మిగిలిన ఐదుగురు ముందు తరగతి యెదుట వేయవలెను. లేనిచో అలసటయే ప్రేక్షక ప్రభావముగా కనబడును. గాలి వీచునప్పుడు ప్రయోగము వలదు. బంతి లెక్కించువాడు ఏ పక్షమునకు ఏమి రావలెనని ముందుగా తలపోయరాదు. ఆట వచ్చినవారి ఫలితములను, రానివారి ఫలితములను వేరువేరుగా కూడ వ్రాసికొనుడు. మొత్తము ఒక్కొక్క పక్షమున 200 విసురులగును. ఒక పక్షమున 100, రెండవ పక్షమున 106 పడినచో అది ప్రేక్షకుల మహిమ కాదు. 200 సార్లు చొప్పున రెండు మారులు నాణెమెగురవేసినను బొమ్మల లెక్కలో అంత తేడా తరచు వచ్చును. తేడా 20 దాటినప్పుడు మరల ఒకసారి, వేరొక దినమున, ప్రయోగము చేసి చూడుడు.