బస్సులు తిరిగే రోడ్డే పందెం బాట!
17 నిమిషాల్లోపే 60 కిలోమీటర్లు... మాన్ దీవిలో మోటార్ సైకిల్ వీరుల విన్యాసం

రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు. ఇళ్ల ముందు రాతి గోడలు. చెట్లు, దీపస్తంభాలు, మధ్యలో ఓ ఇరుకు వంతెన. మామూలు రోజుల్లో ఆ రోడ్డు మీద బస్సులు తిరుగుతాయి, జనం అంగడికి పోయి వస్తారు. ఏడాదిలో ఓ రెండు వారాలు మాత్రం అదే రోడ్డు మీద మోటార్ సైకిళ్లు గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకుపోతాయి. ఇది సినిమా ట్రిక్కు కాదు. బ్రిటన్‌కు, ఐర్లండ్‌కు నడుమ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న దీవిలో 1907లో మొదలైన పందెం ఇది. పేరు టూరిస్ట్ ట్రోఫీ. అందరూ టీటీ అంటారు.

పందెం రోడ్డు దీవిలోని ఊళ్ల మీదుగా, కొండ మీదుగా చుట్టి వస్తుంది. ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు. మనకు విజయవాడ నుంచి ఏలూరు దాదాపు అంత దూరం. 2023లో ఇంగ్లండుకు చెందిన పీటర్ హిక్‌మన్ ఆ చుట్టును 16 నిమిషాల 36 సెకన్లలో ముగించాడు. సగటు వేగం గంటకు 219 కిలోమీటర్లు. సగటు అన్న మాట గమనించాలి. ఊళ్లలోని మలుపులు, కొండ ఎక్కుడు, దిగుడు అన్నీ కలుపుకునే ఆ లెక్క! పెద్ద పందేలలో ఇలాంటి చుట్లు ఆరు తిరగాలి. రెండేసి చుట్లకోసారి పెట్రోలు పోయించుకోవడానికి మాత్రం ఆగుతారు.

అందరినీ ఒక్కసారి వదలరు. పది సెకన్లకొకరు చొప్పున బయలుదేరతారు. పక్కవాడితో కాదు, గడియారంతోనే పోటీ.

కంఠతా పట్టాల్సిన రోడ్డు

గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. మలుపు కంటపడ్డాక బ్రేకు వేద్దామనుకునేవాడు అప్పటికే గోడకు గుద్దుకుని ఉంటాడు. అందుకే ఈ పందెంలో చేతుల బలం కన్నా జ్ఞాపకం ముఖ్యం. 200కు పైగా మలుపులున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఏ గేరు, ఎక్కడ గతుకు, ఏ చెట్టు నీడన తడి ఆరదు... అన్నీ నోటికి రావాలి. ఫలానా ఇంటి గేటు కనబడగానే బండి వాల్చాలి, ఫలానా స్తంభం దగ్గర బ్రేకు నొక్కాలి అని గుర్తులు పెట్టుకుంటారు. పాతకాలపు ఎడ్లబండి మనిషి అమావాస్య చీకట్లో కూడా బాటలో గుంట ఎక్కడుందో చెప్పగలిగేవాడు. ఇదీ అదే విద్య, వేగంలోనే తేడా.

కొత్తగా వచ్చినవారు ముందు కార్లలో పదేపదే తిరిగి రోడ్డు నేర్చుకుంటారు. బండికి కెమెరా కట్టి తీసిన ఫిలిములు చూస్తారు. వేరే చోట్ల పేరు మోసిన వారికి కూడా ఈ బాట పట్టుబడాలంటే ఏళ్లు పడుతుంది.

బయలుదేరిన కాసేపటికే బ్రే హిల్ అనే దిగుడు వస్తుంది. రెండు వైపులా ఇళ్లే. దిగుడు అడుగున బండి స్ప్రింగులు పూర్తిగా అణిగిపోతాయి. ఆపైన బలాఫ్ అనే ఊళ్లో గూని వీపులాంటి వంతెన. దాని మీద రెండు చక్రాలూ గాల్లోకి లేస్తాయి. బండి వంకరగా లేచిందా, వంకరగానే పడుతుంది. వెనక చక్రం ముందు నేలను తాకేలా దింపడంలోనే ఉంది నేర్పంతా. తర్వాత స్నేఫెల్ కొండ. కింద ఎండ కాస్తుంటే పైన పొగమంచు కమ్ముకుని ఉండవచ్చు. తమ సముద్ర దేవుడు మనానన్ దీవి మీద దుప్పటి కప్పాడని అక్కడి జనం చెప్పుకుంటారు. మంచు దట్టమైతే గాయపడినవారిని తెచ్చే హెలికాప్టర్ ఎగరలేదు. పందెం ఆగాల్సిందే.

రోడ్డును చట్టప్రకారం మూసివేస్తారు. దారి పొడవునా వందలాది వాలంటీర్లు కాపలా ఉంటారు. ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం పడదు. మన రోడ్ల మీద హ్యాండిల్ మెలితిప్పే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

అసలు రోడ్డు మీద పందెమెందుకు? ఆ రోజుల్లో బ్రిటన్‌లో వేగ పరిమితి గంటకు 20 మైళ్లే. రోడ్డు మూసి పందెం వేయడానికి చట్టం ఒప్పుకోలేదు. మాన్ దీవికి సొంత పార్లమెంటు ఉంది. అది 1904లోనే అనుమతించింది. 1907లో మొదటి విజేత సగటు వేగం గంటకు 61 కిలోమీటర్లు. 1911లో కొండ మీదికి మారినప్పుడు అక్కడున్నది గొర్రెల మేత బీళ్ల నడుమ బండ్ల బాట! ఆ చుట్టులో సగటున వంద మైళ్ల వేగం అందడానికి 1957 దాకా పట్టింది. స్కాట్లండ్‌కు చెందిన బాబ్ మెకింటైర్ ఆ ఘనత సాధించాడు.

మనకూ కొంత సంబంధముంది. జపాన్ హోండా కంపెనీ 1959లో ఈ పందేనికి తొలిసారి బండ్లు పంపింది. వారి రైడర్లకు దక్కిన మంచి స్థానం ఆరో స్థానమే. 1961కల్లా గెలిచింది. మన పల్లెల్లో సీడీ 100గా తిరిగిన బండిలో ఇంజను ఆ హోండాదే. 1907లో రెండు సిలిండర్ల తరగతిలో గెలిచిన నార్టన్ కంపెనీని 2020లో తమిళనాడుకు చెందిన టీవీఎస్ వారు కొన్నారు. ఇంకో సంగతి రైతులకు బాగా అర్థమవుతుంది. 2001లో పందెం జరగలేదు. కారణం గాలికుంటు! బ్రిటన్‌లో పశువులకు ఆ రోగం సోకింది. బయటి జనంతో పాటు దీవికీ వస్తుందని భయపడి రద్దు చేశారు.

ఇక ఖరీదు మాట. 1911 నుంచి ఆ కొండ రోడ్డు మీద పందేలలో, సాధనలో 260 మందికి పైగా రైడర్లు చనిపోయారు. 2022లో ఒక్క ఏడే ఆరుగురు. వారిలో ఒకే బండి మీద పోయిన తండ్రీ కొడుకులున్నారు. ఒక రైడర్ మరణంతో 1972లో కొందరు పెద్ద రైడర్లు ఇక ఇక్కడికి రామన్నారు. 1976 తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా కూడా పోయింది. అయినా వచ్చేవారు వస్తూనే ఉన్నారు.

ఉత్తర ఐర్లండ్‌లోని డన్‌లప్ కుటుంబాన్నే చూడండి. జోయ్ డన్‌లప్ ఇక్కడ 26 సార్లు గెలిచాడు. పందేలు లేనప్పుడు వ్యాను నిండా ఆహారం, బట్టల వంటి సాయం నింపుకుని తానే నడుపుకుంటూ రొమేనియా అనాథాశ్రమాలకు తీసుకువెళ్లేవాడు. 2000 జూన్‌లో, 48 ఏళ్ల వయసులో, ఇక్కడ మూడు పందేలు గెలిచాడు. నెల తిరగకుండా ఎస్టోనియాలో రోడ్డు పందెంలో చెట్లకు గుద్దుకుని చనిపోయాడు. తమ్ముడు రాబర్ట్ 2008లో ఉత్తర ఐర్లండ్‌లో సాధన చేస్తూ మరణించాడు. రెండు రోజుల తర్వాత రాబర్ట్ కొడుకు మైకేల్ అదే పోటీలో బండెక్కి గెలిచాడు. మైకేల్ అన్న విలియం 2018లో ఐర్లండ్‌లో సాధనలోనే పోయాడు.

పెదనాన్న 26 విజయాల రికార్డును మైకేల్ 2024లో దాటాడు. కొండ మీద 26వ మైలురాయి దగ్గర మలుపుకు జోయ్ పేరు పెట్టారు. ప్రతి చుట్టులోనూ మైకేల్ ఆ మలుపు తిరిగే రావాలి.