పెట్టబోవు పన్నును ముందే చూపు ఛాయాచిత్రము

మానవుని పైదవడ నడుమనున్న రెండు కుంతకములు నవ్వినపుడు మొట్టమొదట కంటబడును. ఆటలో దెబ్బ తగిలియో, క్రిందపడియో వీనిలో ఒకటి ఊడినచో ఆ వెలితి అందరికిని కనిపించును. దానికి బదులు కృత్రిమ దంతము పెట్టించుకొనదలచినవారు మొదట అడుగు ప్రశ్న 'పెట్టిన తరువాత ముఖమెట్లుండును?' అనునదే. అందుచే నేటి దంతవైద్యులు పలువురు నవ్వు ముఖమును ఛాయాచిత్రము తీసి, కంప్యూటరుపై ఆ ఖాళీలో పన్నును చిత్రించి చూపుచున్నారు. ఈ చిత్రము ఏమి చెప్పగలదు? ఏమి చెప్పజాలదు?

చిత్రమును కొలతకు వాడవలెనన్న స్కేలు కావలెను. ఖాళీ ప్రక్కనున్న కుంతకము వెడల్పును నోటిలో కొలుతురు. అది 8.5 మిల్లీమీటర్లనుకొందము. చిత్రములో అదే పన్ను 17 మిల్లీమీటర్లున్నచో చిత్రము రెండింతలు పెద్దదన్నమాట. అప్పుడు గీసిన పన్ను కొలతలను రెండుచే భాగించిన అసలు కొలతలు వచ్చును. తరువాత రెండు కనుపాపలను కలుపుచు ఒక అడ్డగీతను, ముఖము నడుమ ఒక నిలువుగీతను గీసి, పన్ను ఒక ప్రక్కకు ఒరిగినదేమో చూతురు.

కెమేరా దూరము కూడ ముఖ్యమే. వస్తువు ఎంత దూరముననున్న, చిత్రములో అంత చిన్నదగును. చెవులు పళ్ళకంటె 10 సెంటీమీటర్లు వెనుకనున్నవనుకొందము. పళ్ళకు 30 సెంటీమీటర్ల దూరమునుండి తీసిన చిత్రములో, చెవులతో పోల్చగా పళ్ళు 40/30 వంతున, అనగా మూడవవంతు పెద్దవిగా కనిపించును. 150 సెంటీమీటర్ల నుండి తీసినచో ఈ హెచ్చు పదునైదవ వంతు మాత్రమే. కావున సెల్‌ఫోనును చేత పట్టుకొని దగ్గరగా తీసిన బొమ్మను నమ్మి పన్ను పరిమాణమును నిర్ణయింపరాదు.

రంగు విషయమునను జాగ్రత్త అవసరము. దీపపు వెలుతురును బట్టి రంగు మారును. నోరు చాలసేపు తెరచియుంచినచో పళ్ళు ఆరి, మామూలుకంటె తెల్లగా కనిపించును. అందుచే పళ్ళు తడిగానున్నపుడే, రంగుల నమూనాను ప్రక్కనుంచి చిత్రము తీయవలెను.

ఇన్ని జాగ్రత్తలు పడినను చిత్రము పైరూపమును మాత్రమే చూపును. పన్ను పోయిన చోట దవడ ఎముక క్రమముగా తరిగిపోవును. మొదటి సంవత్సరములో ఆ ఎముక గట్టు వెడల్పు దాదాపు సగము తగ్గవచ్చును. అందు ఎక్కువ భాగము మొదటి మూడు నెలలలోనే తగ్గును. ఎముకతోపాటు చిగురును క్రుంగును. కంప్యూటరు మాత్రము నిండైన చిగురును చిత్రింపగలదు. లోపలి ఎముకను తెలుపునది ఎక్స్‌రే పరీక్ష.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. పన్ను పెట్టుటకు ప్రధానముగా మూడు మార్గములున్నవి. మొదటిది, తీసి పెట్టుకొను పన్ను. రెండవది వంతెన; సాధారణముగా దీనికై ఇరుప్రక్కల పళ్ళను అరగదీయుదురు. అరగదీసిన ఎనామిల్ పొర మరల పెరుగదు. మూడవది ఇంప్లాంటు, అనగా ఎముకలో నాటిన టైటానియపు మరపై నిలుపు పన్ను. టైటానియము ఎముకతో గట్టిగా కలిసిపోవునని స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రానెమార్క్ 1952లో గమనించి, 1965లో మానవునికి అమర్చెను. చిత్రములో మూడును ఒకే విధముగా కనిపించును. నోటిలో వాని ఫలితములు వేరు. ఎదుగుచున్న బాలబాలికలకు ఇంప్లాంటు సాధారణముగా పెట్టరు. దవడ పెరుగుచు ప్రక్కపళ్ళు దిగినను అది కదలదు గనుక, కొన్నియేండ్లకు పొట్టిగా కనిపించును. ఎదుగుదల ముగియువరకు తాత్కాలికమైన పన్ను వారికి చాలును.

చిత్రము మాటాడదు. త, థ, ద, ధ, న అక్షరములను మన వ్యాకరణము దంత్యములనుట ఊరక కాదు. నాలుక కొన పై పళ్ళ వెనుక తగిలిననే అవి పలుకును. 'వ' పలుకుటకు పై పళ్ళ అంచు క్రింది పెదవిని తాకవలెను. అందుచే చిత్రము నచ్చిన పిమ్మట మైనముతోగాని, తాత్కాలిక రెసిన్‌తోగాని నమూనా చేసి, నోటిలో ఉంచి, మాటాడించి, నవ్వించి చూచుట మేలు.

కాబట్టి చిత్రము చూచి సమ్మతించుటకు ముందు మూడు ప్రశ్నలడుగవలెను. ఎముక ఎంత మిగిలియున్నది? ప్రక్కపళ్ళను ఎంత అరగదీయవలసియున్నది? నమూనాను నోటిలో ఉంచి చూచుటకు వీలున్నదా? వీనికి సమాధానములు దొరికిన తరువాతనే ఆ చిత్రము నిర్ణయమునకు తోడ్పడును.