మగ్గమున్న ఇంటిలో బొద్దింకల బెడద

ఇల్లు ఒకచోట, పని వేరొకచోట ఉన్నవారికి బొద్దింక అనునది వంటింటి సంగతి మాత్రమే. మనలో అనేకుల ఇండ్లలో అట్లు కాదు. మగ్గము నడుచు గదిలోనే రాత్రి పిల్లలు పండుకొందురు. పొయ్యికి పదడుగుల దూరములో పడుగు చుట్టి ఉండును. నూలు చిలపల పక్కనే బియ్యపు డబ్బా ఉండును. అందుచేత పత్రికలలో వచ్చు గృహశుభ్రతా సలహాలు మనకు సగమే పనికివచ్చును. వంటిల్లు అద్దమువలె తుడుచుకొను ఇల్లాలి ఇంటిలో కూడ బొద్దింకలు తగ్గకపోవుట చూచి, ఆమెనే తప్పుపట్టు పెద్దలు కలరు. తప్పు ఆమెది కాదు. మగ్గము క్రింద చూడుడు. కారణము అక్కడ దొరకును.

పడుగుకు పెట్టు గంజి ఏమిటి? కొన్ని చోట్ల బియ్యము, కొన్ని చోట్ల జొన్న, రాగి, సగ్గుబియ్యము. మరమగ్గముల సైజింగులో మొక్కజొన్న పిండి, చింతగింజల పిండి. ఇవన్నియు తిండి వస్తువులే. గంజి ఆరిన పడుగు మగ్గము మీద ఆడుచున్నంతసేపు సన్నని పొడి రాలుచునే ఉండును. నూలు ధూళితో కలిసి అది గుంటలోనికి, కొయ్యల సందులలోనికి చేరును. గుంట మగ్గము వారికి ఇంకొక చిక్కు కూడ ఉన్నది. నూలు తెగకుండుటకు గుంటలో కొంత చెమ్మ ఉండుట మంచిదని మన పెద్దలు కనిపెట్టిరి. అది నిజమే. కాని ఆ చెమ్మయే బొద్దింకకు కూడ కావలెను. చీకటి, చెమ్మ, తిండి మూడును ఒక్కచోట దొరకిన తరువాత అది వంటింటికి పోవలసిన పనియే లేదు. గంజి బూజు పట్టకుండుటకు కొందరు మైలుతుత్తము కలుపుదురు. అది బూజుకు మందు గాని బొద్దింకకు మందని నమ్ముకొనరాదు. పైగా అది విషము. పిల్లలకు అందనిచోట ఉంచవలెను.

మన ఇండ్లలో ముఖ్యముగా రెండు జాతుల బొద్దింకలు కనిపించును. అంగుళమున్నర పొడవు, ఎర్రని గోధుమరంగు గలది పెద్ద బొద్దింక. ఇది మురుగు తూములలో ఉండి రాత్రి పైకి వచ్చును. రెండవది అరంగుళము మాత్రమే ఉండి, మెడమీద రెండు నల్లని చారలు గల లేత గోధుమరంగు బొద్దింక. ఇది తూములలో ఉండదు, ఇంటిలోనే కాపురముండును. మొదటిదానికి శాస్త్రజ్ఞులు అమెరికా పేరు పెట్టిరి. దాని పుట్టిల్లు ఆఫ్రికా. రెండవదానికి 1767లో లిన్నేయస్ జర్మనీ పేరు పెట్టెను. 2024లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారము అది సుమారు 2100 ఏండ్ల క్రిందట మన భారతదేశము, మియన్మారు ప్రాంతములలోని అడవి జాతి నుండి మనుష్యుల ఇండ్లకు మరలినది. కాబట్టి దానిని పరదేశి అని తిట్టుటకు కూడ మనకు వీలులేదు!

ఈ రెంటిని వేరుగా గుర్తించుట ముఖ్యము. పెద్దది కనిపించినచో తూము చూడవలెను. జాలీ బిగించి, వాడని తూమునకు మూత వేసిన సగము పని అయినట్లే. చిన్నది కనిపించినచో అది ఎక్కడినుండియో నడిచి వచ్చినది కాదు, సామానుతో వచ్చినది. నూలు బస్తా, పాత అట్టపెట్టె, కండెల బుట్ట, ఇంకొక ఇంటినుండి తెచ్చిన బట్టల మూట, వీటి మడతలలో అది ప్రయాణము చేయును. ఆడ బొద్దింక ముప్పది నలుబది గ్రుడ్లున్న చిన్న సంచిని పొదిగించువరకు తన వెనుక మోసికొని తిరుగును. అట్టి ఒక్కటి మీ ఇంట దిగిన చాలును. అందుచేత నూలు వచ్చిన వెంటనే బస్తాను వాకిట విప్పి, దులిపి, నూలును మాత్రమే లోనికి తేవలెను. అట్టపెట్టె లోనికి రానే కూడదు. ఆ అట్ట పొరల జిగురు కూడ వాటికి తిండియే.

ఇక నష్టము. బొద్దింక నూలును తినదు, గంజిని గీకి తినును. ఆ గీకుటలో దారము నలిగి, పని నడుమ తెగును. తెల్లని పంచె మీద, తువ్వాలు మీద దాని మలము నల్లని చుక్కలుగా పడును. ఉతికినను పూర్తిగా పోదు. కొనువాడు ఆ చుక్క చూపి ధర తగ్గించును. పాత పుస్తకములలో కనిపించు వెండిరంగు పురుగు, రాత్రులు కూయు ఇలకోడి, ఇవి కూడ గంజి కొరకే బట్ట మీదికి వచ్చును. కాని మన వారు బట్ట నష్టమునే లెక్కించి, అసలు నష్టమును మరచుచున్నారు. బొద్దింక మలము, విడిచిన పొట్టు, చచ్చిన ఒడలు పొడియై గాలిలో కలిసి పిల్లల ఊపిరిలోనికి పోవును. అమెరికా నగరములలోని పేదవాడల పిల్లలను పరీక్షించి 1997లో వెలువరించిన పరిశోధనలో, బొద్దింక పొడి పడని ఉబ్బసపు పిల్లలు అది ఎక్కువగా ఉన్న గదులలో పండుకొనుచున్నచో, మిగిలినవారికంటె ఎక్కువసార్లు ఆసుపత్రి పాలగుచున్నారని తేలినది. మన పిల్లలకు ఆ పొడితోబాటు నూలు ధూళి కూడ ఉన్నది. రాత్రివేళ దగ్గు, ఆయాసము వచ్చు బిడ్డను మగ్గపు గదిలో పండుకొనబెట్టకుండుట మొదటి వైద్యము.

పని ఎచట మొదలుపెట్టవలెను? మందుతో కాదు, నీటితో. చిన్న బొద్దింక తిండి లేకున్నను నీరున్నచో నెలరోజులు బ్రతుకును. నీరు కూడ లేకున్నచో రెండు వారములు గడచుట కష్టము. రాత్రి పండుకొనుటకు ముందు గంజి గిన్నె, రంగు తొట్టి, కండెలు తడుపు పాత్ర, కుండ క్రింది పళ్లెము వీటిలో నీరు వంచివేసి, తుడిచి, బోర్లించవలెను. కారు కుళాయికి తోలు బిళ్ళ మార్చుటకు అయ్యెడు ఖర్చు పురుగుమందు డబ్బా ఖర్చుకంటె తక్కువ. బరంపురము, యానాము వంటి సముద్రపు గాలి చోట్ల చెమ్మను పూర్తిగా ఆపలేము. అక్కడివారు ఈ రెండవ పనిని మరింత గట్టిగా పట్టుకొనవలెను.

రెండవది గంజి. మిగిలిన గంజిని మూతలేని కుండలో మరునాటికి ఉంచు అలవాటు మానవలెను. గంజి పెట్టిన కుంచె కడిగి ఎండలో వేయవలెను. వారమునకొకసారి గుంటను చీపురుతో కాక తడిగుడ్డతో తుడిచి తీయవలెను. చీపురు పొడిని లేపి మరల పడుగు మీదనే వేయును. మగ్గపు కొయ్యల అతుకులలో చేరిన పొడిని పాత పళ్లబ్రష్షుతో గీకవలెను. అమావాస్యనాడు మగ్గము ఆపు ఆచారమున్న ఇండ్లలో ఈ పనికి ఆ దినము చక్కగా కుదురును. మరమగ్గముల వారు, షోలాపూరువంటి చోట్ల దుప్పట్లు, తువ్వాళ్లు నేయు కార్ఖానాలవారు, మగ్గముల నడుమ సందులోనే అన్నము తినుట మానిపించినచో అంతకంటె మందు లేదు. దీనిని పనివారి మీద నేరముగా చెప్పుట లేదు. కూర్చుండి తినుటకు వేరే చోటు చూపించుట యజమాని బాధ్యత.

మూడవది సందులు. ఎదిగిన చిన్న బొద్దింకకు అయిదు మిల్లీమీటర్ల సందు చాలును. గోడ పగుళ్లకు సిమెంటు, గూళ్ల అంచులకు సున్నము, మగ్గపు కొయ్య పగుళ్లకు మైనము. కొయ్యకు పాత పద్ధతి జంతు జిగురు వాడినచో మరల వాటికి విందు చేసినట్లే.

ఇంత చేసిన తరువాత మందు. చిమ్ము మందులు కంటికి ఎదురుగా ఉన్నవానిని చంపును. సందులో ఉన్నవి మరింత లోనికి పోవును. గ్రుడ్ల సంచికి ఏమియు కాదు. పలు తరములుగా చిమ్మిన మందులకు చిన్న బొద్దింక అలవాటుపడినది కూడ. పైగా డబ్బా మందులలో చాలవరకు మండు స్వభావము గలవి. పొయ్యి, నూలు ధూళి ఉన్న గదిలో అవి ప్రమాదము. బట్ట మీద పడిన మరక వేరు. వీటికంటె ఎర మేలు. కేరంబోర్డు మీద చల్లు బోరిక్ పొడి ఒక పాలు, పంచదార ఒక పాలు, గోధుమపిండి రెండు పాళ్లు కలిపి, నీటితో ముద్దచేసి, శనగగింజంత ఉండలు చేసి సీసా మూతలలో పెట్టి, పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని సందులలో ఉంచవలెను. అది వెంటనే చంపదు. వారము పది దినములు పట్టును. ఓపిక లేక మధ్యలో చిమ్ము మందు కొట్టినచో ఆ వాసనకు బొద్దింక ఎర జోలికి రాదు. అంగడిలో దొరకు జెల్ మందు కూడ ఇట్టిదే, ఇంకను చురుకైనది. ఆవగింజంత చుక్కలుగా పెట్టిన చాలును. అదియు పనిచేయకపోయినచో రకము మార్చి చూడవలెను. గ్లూకోజు ఎరను తాకని బొద్దింకలు పుట్టుకొచ్చినట్లు 1993లోనే కనుగొనిరి. సుద్దముక్కవలె కనిపించు గీత మందు మన ఇండ్లలో ఎక్కువ. పలకమీద వ్రాయు పిల్లలున్న ఇంట దానిని నేను ఉంచను. బిర్యానీ ఆకు పెట్టిన బొద్దింకలు పారిపోవునని చెప్పుదురు. ఆకు లేని మూలకు పోవును, అంతే.

పట్టు చీరల సంగతి వేరు. కాంచీపురము, బరంపురము, సేలము వారికి తెలియనిది కాదు. పట్టును, ఉన్నిని కొరుకునది బొద్దింకకంటె ఎక్కువగా చిమ్మట పిల్లపురుగు, నూగుతో ఉండు మరియొక చిన్న పిల్లపురుగు. చెమట, అన్నపు మరక ఉన్న చోటనే ఇవి మొదలుపెట్టును. కాబట్టి కట్టి విడిచిన చీరను శుభ్రముచేయకుండ పెట్టెలో పెట్టరాదు. మూడునాలుగు నెలలకొకసారి నీడలో ఆరవేసి మడత మార్చవలెను. వేపాకు, వస కొమ్ము మంచివే; రానివ్వకుండ కొంత ఆపును గాని, లోన ఉన్న గ్రుడ్లను చంపవు. కలరా ఉండలు పెట్టువారు వాటిని గుడ్డలో కట్టి పై మడతమీద ఉంచవలెను. వాటి ఆవిరి గాలికంటె బరువైనది, క్రిందికి దిగును.

ఈ కలరా ఉండల విషయమై తల్లులు ఒక మాట తప్పక వినవలెను. రక్తములో జీ-సిక్స్-పీడీ అను పదార్థము తక్కువగా పుట్టు పిల్లలు మన దేశములో ఉన్నారు. చూచుటకు వారు ఆరోగ్యముగానే ఉందురు. ఆ ఉండల మధ్య ఉంచిన బట్టలు, బొంతలు తీసి అట్లే చంటిబిడ్డకు చుట్టినచో, ఆ ఆవిరివలన అట్టి బిడ్డకు ఎర్ర రక్తకణములు చితికి, కామెర్లు ముదిరి, ప్రాణము మీదికి వచ్చును. బిడ్డ బట్టల పెట్టెలో అవి వేయనే కూడదు. బారసాలకు పాత పట్టుగుడ్డ తీయువారు దానిని కనీసము రెండు దినములు గాలికి ఆరవేయవలెను. ఉతుకదగిన గుడ్డయైనచో ఉతికి మరీ వాడవలెను.

ఎలుక ఒక్క రాత్రిలో వారము పని పాడుచేయును. పెన్సిలు పట్టు సందు చుంచెలుకకు చాలును. గిన్నెలు తోము ఇనుప పీచు కుక్కి, పైన సిమెంటు వేయవలెను. గోదావరి వరద వచ్చినప్పుడు, 2022 జూలైలో యానాములో వలె, పొలముల ఎలుకలు ఎత్తైన ఇండ్లకు ఎక్కును. అప్పుడు పడుగును పైకెత్తి కట్టుట తప్ప వేరు దారి లేదు. బోను మేలు. రొట్టెకు పూసి పెట్టు పచ్చ భాస్వరపు పేస్టును ఇంటికి తేవద్దు. దానికి విరుగుడు లేదు. మ్రింగినవారు ఒకటిరెండు దినములు బాగున్నట్లే కనిపించి, తరువాత కాలేయము చెడి చనిపోవుదురు. పొరపాటున పిల్లవాడు నోట పెట్టుకొన్నచో, బాగున్నాడు గదా అని ఆగక, ఆ గొట్టము చేతపట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. ధాన్యములో వేయు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంకను భయంకరము. చెమ్మ తగిలిన విషవాయువు పుట్టి గోడ సందులగుండ పక్కగదిలో నిద్రించువారిని కూడ చంపును. 1968 నాటి పురుగుమందుల చట్టము క్రింద అవి ఇంటివాడకమునకు నిషిద్ధము. ఎవరైన స్నేహితముగా ఇచ్చినను తీసికొనరాదు.

నల్లులకు వేడినీరు, ఎండ. మంచపు అతుకులు విప్పి పోయవలెను. చెదలకు మగ్గపు కొయ్య కాలు మట్టిలో కాక రాతి దిమ్మమీద నిలుపవలెను.

ఒకే గోడకు ఇరువైపుల కాపురములున్న వరుస ఇండ్లలో ఒకరు మందు పెట్టినచో అవి పొరుగింటికి పోయి, నెలకు తిరిగి వచ్చును. వరుసలోని ఇండ్లన్నియు ఒక్క వారములోనే ఎరలు పెట్టుకొనవలెను. ఇది సంఘము చేయింపదగిన పని. ఖర్చు పెద్దది కాదు, అందరిని ఒక్కనాడు ఒప్పించుటయే కష్టము. ఎర పెట్టుటకు ముందొక రాత్రి, పెట్టిన పదునైదవ నాడొక రాత్రి, మగ్గము క్రింద జిగురు అట్ట ఉంచి, పడినవానిని లెక్కపెట్టి గోడమీద వ్రాసికొనుడు. లెక్క తగ్గినను నెల తిరుగగానే ఎర మార్చవలెను. అప్పటికి దాగి ఉన్న గ్రుడ్లు పిల్లలగును.